పద్నాలుగో బేరింగు

గురువారం పదకొండూ యాభైకి సర్వేయర్ పార్టుల షాపులోకి వచ్చి, కౌంటరు ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. షాపు యజమాని ఆమెను చూడగానే లేచి షట్టరు దించబోయాడు. సగం దించాక, ఆమెతో పాటు తనూ లోపలే ఉండిపోతానని తట్టి ఆగిపోయాడు.

"భోజనానికి మూస్తున్నాను మేడమ్," అన్నాడు.

"ఇంకా పన్నెండు కాలేదు. కూర్చోండన్నా."

ఆయన కూర్చున్నాడు.

ఆమెను అందరూ సర్వేయర్ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్లు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లు, తగలబడ్డ కార్లు చూసి ఏది ప్రమాదమో ఏది నాటకమో రాసింది. ఉద్యోగం మానేశాక అదే పని సొంతంగా చేస్తోంది. షాపు యజమానిని బజారంతా గాస్కెట్టు అంటుంది. కార్ల ఓనర్లకీ మెకానిక్కులకీ మధ్య ముప్ఫై ఏళ్లుగా నలుగుతూ, ఒకరి మాట ఇంకొకరి దగ్గర లీకు కానివ్వలేదని ఆ పేరు వచ్చింది. ఆమె ఈ రోజు వచ్చింది ఆ లీకు కోసమే.

పెద్ద మేస్త్రి కనపడకుండా పోయి వారం అయింది. పాత స్పోర్ట్స్ కార్ల ఇంజన్లు విప్పి మళ్లీ కట్టాలంటే అందరూ ఆయన దగ్గరకే వస్తారు. పోయిన గురువారం పొద్దున ఆరుకి ఆయన షెడ్డు తెరిచాడు. ఏడున్నరకి కూతురు వచ్చేసరికి ఆయన లేడు, విప్పి స్టాండు మీద పెట్టిన ఆరు సిలిండర్ల ఇంజనూ లేదు. ఆ ఇంజన్ కంటి డాక్టరుది. ఆ డాక్టరుకి ఇరవై ఏడేళ్ల నాటి రెండు డోర్ల కారు ఉంది. దాని ఇంజన్ రెండేళ్ల క్రితం పగిలింది. అలాంటిదే ఇంకోటి కోసం ఆయన అడగని స్క్రాప్ యార్డు లేదు. చివరికి మూడు వారాల క్రితం ఒకటి దొరికిందని, పై దేశం నుంచి పెట్టెలో వచ్చిందని చెప్పి మేస్త్రికి అప్పజెప్పాడు. మేస్త్రి ఇంజన్‌తో ఉడాయించాడని శుక్రవారం ఫిర్యాదు ఇచ్చింది ఆయనే. అప్పటినుంచి పోలీసులు దొంగ కోసం వెతుకుతున్నారు. తన తండ్రి దొంగ కాదని, ఎక్కడో ఇరుక్కుపోయాడని కూతురు సర్వేయర్‌ని పెట్టుకుంది.

సర్వేయర్ అడగాల్సింది వరసగా అడిగింది. ఆ మోడలు సామాను ఈ వారంలో ఎవరైనా కొన్నారా అంటే గాస్కెట్టు లేదన్నాడు. ఫోను చేసి అడిగారా అంటే లేదన్నాడు. ఊరు మొత్తానికి అలాంటి కారు ఒక్కటుంటే సామాను ఎవరు కొంటారని ఎదురు అడిగాడు. ఆమె ఆయన తల మీదుగా అరల వైపు చూస్తోంది.

"మూడో అరలో ఆ నీలం పెట్టె ఎప్పుడు దించారు?"

"ఏ నీలం పెట్టె?"

"పక్క పెట్టెల మీద దుమ్ముకి మీ షాపంత వయసుంది. దాని మీద వేలిముద్రలున్నాయి."

గాస్కెట్టు వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె అది గమనించింది.

"మీరు నోరు విప్పకపోతే మేస్త్రి క్షేమంగా ఉంటాడని మీ లెక్క. దాక్కుని ఉంటే ఆ లెక్క సరే. దాక్కోకపోతే?"

"దాక్కోక ఏం చేస్తాడు? చీటీలు ఆయన రాతేగా," అని గాస్కెట్టు నాలుక కరుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన్ని బతిమాలాల్సిన పని రాలేదు. కౌంటరు సొరుగులోంచి మూడు చీటీలు తీసి ఆమె ముందు పెట్టాడు. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు బైకు మీద తెచ్చాడని, మూడుసార్లూ హెల్మెట్ తీయలేదని, మేస్త్రి ఎవరికీ చెప్పొద్దన్నాడని మాత్రం అన్నాడని చెప్పాడు. స్నేహితుడు కష్టంలో ఉన్నాడు, సామాను అడిగాడు, ఇచ్చాను, నేను చేసిన నేరం ఇదీ అన్నాడు.

ఆమె కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంది. కొత్త కళ్ళజోడు. సోమవారం వాంగ్మూలం కోసం వెళ్తే కంటి డాక్టరు ఆమె పాతది చూసి, నంబరు మారిందని పరీక్ష చేశాడు. అద్దాల వర్క్‌షాపుకి ఈ వారం సెలవిచ్చానని, అయినా ఆమె కోసం తనే వెళ్లి అరగదీసి తెచ్చానని సాయంత్రానికల్లా ఇచ్చాడు. ఫ్రేము అంచులో ఇంకా పొడి మిగిలినట్టుంది. రుమాలు మీద లేత గులాబీ గీత పడింది.

మొదటి చీటీ శనివారం తొమ్మిదీ ఇరవైది. మెయిన్ బేరింగులు ఒక సెట్టు, స్టాండర్డు సైజు అని ఉంది. అక్షరాలు పెద్దగా ఉండి గీతలు దాటాయి. రెండోది మంగళవారం తొమ్మిదీ పదిది. ఆ సెట్టు వెనక్కి తీసుకుని పావు మిల్లీమీటరు అండర్ సైజువి ఇమ్మని, పిస్టన్ రింగులు, హెడ్ గాస్కెట్ కూడా పంపమని రాసి ఉంది. అక్షరాలు చిన్నగా గీత మీదే ఉన్నాయి. మూడోది ఈ రోజుది. మినరల్ ఆయిల్ ఆరు లీటర్లు, ఫిల్టరు ఒకటి.

"ఇది ఎన్నింటికి?"

"పదీ నలభైకి."

"వెనక్కి వచ్చిన బేరింగులు ఆ నీలం పెట్టెలో ఉన్నాయా?"

"ఉన్నాయి. విప్పి చూడలేదు. మేస్త్రి వెనక్కి పంపిన సామాను తుడిచి పంపుతాడు."

ఆమె చీటీలూ పెట్టే తీసుకుంది. గాస్కెట్టు సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది. మేస్త్రికి ఏమైనా అయితే తనని కూడా తిట్టుకోవద్దని ఆయన వెనకనుంచి అన్నాడు.

పన్నెండూ నలభైకి మేస్త్రి షెడ్డులో ఉంది.

షెడ్డుకి ఒకటే దారి, ముందున్న షట్టరు. వెనక తలుపు ఒకప్పుడు ఉండేది. గాలికి దుమ్ము వచ్చి ఇంజన్ల మీద పడుతోందని మేస్త్రి దాన్ని ఇటుకలతో మూయించాడు. కిటికీలు రెండు, తల కంటే ఎత్తులో, ఊచలతో. బేరింగులు బెంచీ మీద పెట్టిన రోజు షెడ్డులో చీపురు ముట్టుకోకూడదు. షట్టరు దించి, నేల మీద నీళ్లు చల్లి, అప్పుడు పెట్టె విప్పాలి. ఈ పద్ధతి తప్పినందుకు ఆయన పెళ్లి వయసొచ్చిన కూతుర్ని కూడా బయట నిలబెట్టాడని ఆమే చెప్పింది.

కూతురికి ముప్ఫై ఏళ్లు. ఆ షెడ్డులో కొలతలన్నీ ఆమెవే. మైక్రోమీటరు ఆమె చేతిలో ఉంటే మేస్త్రి రెండోసారి చూడడు.

"అక్కా, ఏమైనా తెలిసిందా?"

"నాన్న బతికే ఉన్నాడు. పొద్దున పదీ నలభై దాకా."

కూతురు బెంచీ పట్టుకుని కూర్చుంది. సర్వేయర్ మూడు చీటీలు ఆమె ముందు పరిచి, చదవమని చెప్పి, తను షెడ్డు చూడ్డం మొదలుపెట్టింది. పోలీసులు శుక్రవారం సీలు వేసి సోమవారం తీసేశారు. వాళ్లు చూసినవి రెండు: ఇంజన్ లేదు, పనిముట్లు లేవు. పనిముట్లతో పోయాడు కాబట్టి పారిపోయాడని రాసుకున్నారు.

ఆమె ముందు నేల చూసింది. స్టాండు చక్రాల జాడ షట్టరు దాకా నిటారుగా ఉంది. అంత బరువుని ఒక్కడే తోస్తే వంకర్లు పోతుంది. ఇద్దరు తోశారు. గోడ మీద సుద్దతో "పావు తక్కువ" అని మేస్త్రి రాత. బెంచీ చివర, మైక్రోమీటరు పెట్టె పక్కన, ఆయన కళ్ళజోడు.

"ఇది లేకుండా ఆయన రాయగలడా?"

"రాస్తాడు, ఇలా." కూతురు మొదటి చీటీ చూపించింది. "ఇది మాత్రం రాయలేడు." రెండోది చూపించింది. "ఒక కంటికి ఒక నంబరు, రెండో కంటికి ఇంకో నంబరు అక్కా ఆయనకి. షాపుల్లో దొరికే కళ్ళజోడు పెట్టుకుంటే తల తిరుగుతుందంటాడు."

శనివారానికి లేని కళ్ళజోడు మంగళవారానికి వచ్చింది. సర్వేయర్ ఆ సంగతి మనసులో పెట్టుకుంది.

గోడ అర మీద నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. ఏడాదికొకటి, వీపు మీద సంవత్సరం. కట్టిన ప్రతి ఇంజనూ మేస్త్రి అందులో రాస్తాడు. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. పదకొండేళ్ల కిందటిది లేదు. దాని చోట ఖాళీ కనపడకుండా మిగతావి దగ్గరకి జరిపి ఉన్నాయి.

"నాన్న ఇచ్చాడా ఎవరికైనా?"

"ఆయన పుస్తకం నాకే ఇవ్వడు."

కూతురు ఒక విషయం ముందే చెప్పాల్సింది అంది. పోలీసులకి చెప్తే నవ్వారని, అందుకే మళ్లీ ఎత్తలేదని చెప్పింది. బుధవారం సాయంత్రం ఇంజన్ అడుగు భాగం విప్పాక మేస్త్రి ఆమెను పిలిచి ఐదో బేరింగుని బిగించే క్యాపు కింద చూపించాడు. పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు, ఒక గీత. ప్రతి మేస్త్రీ విప్పిన క్యాపులు తారుమారు కాకుండా గుర్తు పెట్టుకుంటాడు. మూడు చుక్కలూ గీతా మేస్త్రి గుర్తు, ఇంకెవరిదీ కాదు.

"పై దేశం నుంచి వచ్చిన ఇంజన్ మీద నీ గుర్తేంటి నాన్నా అన్నాను. ఇది నేను కట్టిందే, ఇలాంటిది జన్మలో ఒక్కటే కట్టాను, రేపు డాక్టరుగారినే అడుగుతాలే అన్నాడు. ఎవరి కారో చెప్పలేదు."

సర్వేయర్ ఖాళీ స్టాండు చోటు వైపు చూస్తూ నిలబడింది. ఎవరి కారో ఆమెకి తెలుసు. కంటి డాక్టరుకి ఆస్పత్రిలో ఒక భాగస్తుడు ఉండేవాడు. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. ఇద్దరూ ఒకే మోడలు కారు, ఒకే ఏడు కొన్నారు. తొమ్మిదేళ్ల క్రితం మత్తు డాక్టరు ఒక ఆదివారం కారుతో సహా కనపడకుండా పోయాడు. అప్పుడు ఆ కారు ఫైలు చూసింది ఆమె; పోవడానికి రెండేళ్ల ముందు దాని ఇంజన్ విప్పి కట్టించారని అందులో ఉంది. నాలుగు నెలలు తిరిగి, వాహనం దొరకలేదు అని రాసి మూసింది. ఆ మాట కింద ఆమె సంతకం ఇప్పటికీ ఉంటుంది.

కంటి డాక్టరు రెండేళ్లు వెతికాడు. బయట ఎక్కడా దొరకలేదు. దొరకాల్సింది, తను మాయం చేసిన భాగస్తుడి కారు, తాళం వేసి ఆయన దగ్గరే ఉంది. పైన నంబరు అరగదీస్తే చాలనుకున్నాడు. లోపల మేస్త్రి చుక్కలుంటాయని ఆయనకి తెలియదు. సర్వేయర్ ఇదంతా కూతురికి చెప్పింది.

"అయితే నాన్నని అప్పుడే..." అంది కూతురు.

"చంపలేదు. ఇంజన్ ముక్కలుగా ఉంది. నాన్న లేకపోతే అది ఇనప సామాను. అందుకే ఇంజన్ పూర్తయ్యే దాకా నాన్న కావాలి. ఆ సంగతి నాన్నకీ తెలుసు. చీటీలు చూసి నువ్వు చెప్పు."

కూతురు మొదటి చీటీ మీద వేలు పెట్టింది. ఈ ఇంజన్ ఇరుసుకి, క్రాంకుకి, మునుపు కట్టినప్పుడే సాన పట్టి ఉంది, పావు మిల్లీమీటరు సన్నబడింది, కాబట్టి బేరింగు ఆ మేర మందంగా ఉండాలి, స్టాండర్డు సైజు వేస్తే గలగలలాడుతుంది అని వివరించింది. బుధవారం కొలిచింది తనే. గోడ మీద రాసింది ఆయనే. కళ్ళు కనపడక తప్పు రాశాడనడానికి లేదు, చూడకుండానే చెప్పగల సైజు అది. కావాలనే తప్పు సైజు తెప్పించాడు. వెనక్కి పంపాలని తెప్పించాడు.

"పెట్టె విప్పు," అంది సర్వేయర్.

కూతురు అలవాటుగా లేచి నేల మీద నీళ్లు చల్లి వచ్చింది. తర్వాత విప్పింది. ఏడు మెయిన్ బేరింగులు, ఒక్కోటి రెండు అర చందమామలు, మొత్తం పద్నాలుగు. నూనె కాగితంలో విడివిడిగా చుట్టి ఉన్నాయి. ఒక్కోటి వెలుతురుకి పట్టి పక్కన పెడుతూ వచ్చింది. పదమూడు శుభ్రంగా ఉన్నాయి. పద్నాలుగో దాని కాగితం మీద ఐదు అంకె ఉంది, ఐదో క్యాపుది. దాని లోపలి వైపు రూపాయంత మేర గరుకుగా ఉంది. పొడి పోసి, చెక్క సుత్తితో కొట్టి లోహంలోకి దిగ్గొట్టారు. బేరింగు లోహం మెత్తనిది, పడిన నలుసునల్లా మింగి పట్టుకుంటుంది. తుడిచినా పోదు.

కూతురు దాన్ని కాగితం మీద దించింది. "నాన్న బేరింగు మీద దుమ్మా?"

"మీ నాన్న నీకు రాసిన నాలుగో చీటీ ఇది. నేను ఉన్నచోట నేల మీద ఇది ఉంటుంది అంటున్నాడు."

సర్వేయర్ గోటితో కొంచెం గీకి రుమాలు మీద వేసుకుంది. లేత గులాబీ రంగు. పక్కనే, ఇందాక కళ్ళజోడు తుడిచిన గీత. రెండూ ఒకటే రంగు. ఆమె కళ్ళజోడు తీసి ఫ్రేము అంచులో గుండుసూది పెట్టి లాగింది. అదే పొడి వచ్చింది. అద్దాలకి మెరుగు పెట్టే పొడి. సోమవారం ఆ సాన మీద తయారైంది ఒక కళ్ళజోడు కాదు, రెండు.

షట్టరు బయట జీపు ఆగింది. ఒంటిగంటా రెండు నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ ఒక కానిస్టేబులుతో లోపలికి వచ్చాడు. మూడేళ్ల క్రితం ఆయన ప్రమాదమని మూసిన కేసుని సర్వేయర్ హత్య అని తేల్చింది. అప్పటినుంచి ఆమెను మరీ మర్యాదగా పలకరిస్తాడు.

"నమస్కారం సర్వేయర్ గారూ. మీరు వెళ్లాక గాస్కెట్టుకి మనశ్శాంతి పోయింది. మాకు ఫోను చేశాడు."

ఆయన బెంచీ మీద చీటీలు చదివాడు. తొందరపడలేదు. మూడూ చదివాక కూతురి వైపు తిరిగి, మీ నాన్న ఎక్కడున్నాడో తెలియదని వారంగా ఏడుస్తున్నావు కదమ్మాయ్, సామాను లిస్టులు ఎలా వస్తున్నాయి అన్నాడు. ఆమె చెప్పబోతే ఆపాడు. దొంగ ఇంజన్ పూర్తి చేసుకుంటున్నాడు, కూతురు బయటినుంచి సామాను అందిస్తోంది, దీనికి డిటెక్టివ్ అక్కర్లేదన్నాడు.

ఆయన కానిస్టేబులుకి పని చెప్పాడు. తన ఫోను కెమెరా పగిలింది కాబట్టి కానిస్టేబులు ఫోనుతో చీటీలు, బేరింగులు అన్నీ ఫొటోలు తీయించాడు. ఆ ఫొటోలు సాక్ష్యం, ఫోను ఇక్కడే ఉండాలి, బెంచీ మీద పెట్టమన్నాడు. బజారుకి వెళ్లి సాక్షి సంతకాలకి ఇద్దరిని తీసుకురమ్మన్నాడు. "వచ్చేదాకా ఎవరూ బయటికి పోకూడదు. బయట తాళం వెయ్యి."

షట్టరు దిగింది. తాళం పడిన చప్పుడు వినపడింది. జీపు వెళ్లిపోయింది. కిటికీ ఊచల నీడ నేల మీద తడిలో పడింది.

"మీరు కూడా లోపలే ఉండిపోయారు," అంది సర్వేయర్.

"నేను ఉండదల్చుకుని ఉన్నాను. అదీ తేడా."

"బందీగా ఉన్నవాడు చీటీ రాస్తాడా అని కదా మీ అనుమానం?"

"మీకు రాదా ఆ అనుమానం? మెడ మీద కత్తి ఉన్నవాడు పిస్టన్ రింగులు ఆర్డరు చెయ్యడం నేను ఇంతవరకు చూడలేదు."

"రింగులు వస్తున్నంత కాలం కత్తి ఆగుతుంది కాబట్టి చేస్తాడు."

ఆమె చెప్పాల్సింది చెప్పింది. కళ్ళజోడు, నోటు పుస్తకం, పంచ్ చుక్కలు, మత్తు డాక్టరు, పొడి, సెలవిచ్చిన వర్క్‌షాపు. చివర కంటి డాక్టరు అంది. ఇన్‌స్పెక్టర్ అంతా విని నవ్వాడు. తన తల్లికి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేసింది ఆ డాక్టరేనని, ఆవిడ ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోందని చెప్పాడు. మీరు ఆ పెద్దమనిషి ఉచితంగా ఇచ్చిన కళ్ళజోడు పెట్టుకుని ఆయన్నే హంతకుడంటున్నారు అన్నాడు.

కూతురు వాళ్లిద్దరినీ వినడం లేదు. మూడో చీటీ చేతిలో పట్టుకుని గోడ గడియారం చూస్తోంది.

"అక్కా, మినరల్ ఆయిల్. కొత్తగా కట్టిన ఇంజన్‌కి మొదటిసారి అదే పోస్తాం. ఆయిల్ అడిగాడంటే కట్టడం అయిపోయింది. ఇక సాగదీయడానికి ఏమీ లేదు."

"ఎంతసేపు పడుతుంది?"

"ఆయిల్ పోసి, చేత్తో తిప్పి, నీళ్లు పట్టి, టైమింగ్ చూసుకుని... ఎంత మెల్లగా చేసినా రెండున్నర గంటలు. ఆ తర్వాత స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు, నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర నిలబెడతాడు. తగ్గించడు, పెంచడు, మధ్యలో ఆపడు. ఇరవై నిమిషాలు ఆగకుండా తిరిగితే ఇంజన్ పాసైనట్టు."

"పాసైతే?"

కూతురు మళ్లీ గడియారం వైపు తిరిగింది. ఒంటిగంటా ఇరవై అయింది.

"ఫోను చెయ్యండి ఆయనకి," అంది సర్వేయర్. "వర్క్‌షాపు ఎక్కడో ఒక్క మాట అడగండి. అంతే. పొడి సంగతి ఎత్తొద్దు."

"దాపరికం నాకు అలవాటు లేదు మేడమ్," అంటూ ఇన్‌స్పెక్టర్ తన ఫోను తీసి, ఇద్దరికీ వినపడేలా స్పీకరు పెట్టి, బెంచీ మీద ఉంచాడు.

ఆరో రింగుకి ఎత్తాడు. వెనక ఏదో హోరు. డాక్టరు గొంతు మామూలుగానే ఉంది. చెప్పండి ఇన్‌స్పెక్టర్ గారూ అన్నాడు. ఇన్‌స్పెక్టర్ శుభవార్త అన్నాడు. మేస్త్రి చీటీలు దొరికాయని, బేరింగులు దొరికాయని, వాటి మీద ఏదో పొడి ఉందని, అది మీ అద్దాల పొడి అని సర్వేయర్ మేడమ్ అంటోందని చెప్పి మళ్లీ నవ్వాడు.

అవతలనుంచి హోరు ఒక్కటే వినపడింది.

"ఆ చప్పుడేంటి డాక్టరు గారూ?"

"కరెంటు పోయింది. జనరేటరు."

కూతురు ఫోను మీదకి వంగింది. కళ్ళు మూసుకుంది. కుడి చెయ్యి పైకెత్తి, ఐదు వేళ్లు విప్పి, సర్వేయర్‌కి చూపించింది. నోటితో శబ్దం లేకుండా చెప్పింది. ఐదు. ఆరింటిలో ఐదు సిలిండర్లే పేలుతున్నాయని ఆమె చెవికి తెలిసింది. జనరేటరు ఎప్పుడూ పదిహేను వందల దగ్గరే తిరుగుతుంది, ఇది రెండు వేలు. నాన్న ఒక ప్లగ్గు వదులుగా వదిలేశాడు. ఏదో బాగాలేదని వాళ్లకి తెలుస్తుంది. ఏం బాగాలేదో ఆయనే చెప్పాలి. అంటే ఇంకా ఆయన అవసరం ఉంది.

సర్వేయర్ ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని, ఫోను వైపు చూపించి, వినమని సైగ చేసింది. ఆయన విసుగ్గా చెయ్యి లాక్కున్నాడు, కానీ విన్నాడు. హోరులో ఒక తొట్రుపాటు ఉంది. కుంటివాడి అడుగులా, ఐదు పడి ఒకటి తప్పుతోంది. దూరంగా ఎవరో మగమనిషి ఏదో అరిచాడు. ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు.

తొట్రుపాటు పోయింది. హోరు ఒకే గీతలా సాగింది.

కూతురు కళ్ళు తెరిచింది. ఐదు వేళ్ల పక్కన ఎడమ చేతి చూపుడు వేలు లేచి నిలబడింది. ఆరు.

"మీ సర్వేయర్ మేడమ్‌ని అక్కడే ఉండమనండి," అన్నాడు డాక్టరు. "ఆ పొడేంటో నేనే వచ్చి చూస్తాను. ఇక్కడ చిన్న పని ఉంది. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది."

ఫోను ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టర్ ముఖంలో నవ్వు ఇంకా ఉంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియడం లేదు. కూతురి ఆరు వేళ్లు చూశాడు. గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా ఇరవై మూడు.

"వర్క్‌షాపు ఎక్కడ?" అంది సర్వేయర్.

"తెలియదు. అమ్మ కళ్ళజోడు అక్కడిదే. ఆస్పత్రి మనిషి ఇంటికి తెచ్చి ఇచ్చాడు."

"మీ గాస్కెట్టుకి తెలిసి ఉంటుంది. ఆస్పత్రిలో వాచ్‌మన్‌కి తెలిసి ఉంటుంది. కదలండి."

ఆయన షట్టరు దగ్గరకి వెళ్లి రెండు చేతులతో పైకి లాగాడు. అది వేలెడు లేచి తాళానికి తగిలి ఆగింది. కానిస్టేబుల్‌ని పేరు పెట్టి పిలిచాడు. వెనక తలుపు కోసం తిరిగాడు. అక్కడ ఇటుకలున్నాయి. కిటికీ ఊచలు చూశాడు. ఇక ఫోను తీసి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆ నంబరు నొక్కి, చెవికి పెట్టుకున్నాడు.

బెంచీ మీద, పద్నాలుగో బేరింగు పక్కన, కానిస్టేబులు ఫోను మోగింది.